బోర్డు లేని మెస్సు

మా మనవరాలు శ్వేత భిలాయికి కొత్తగా వచ్చేవాళ్ళ కోసం ఒక గైడు రాస్తోంది. ఎక్కడ ఏం తినాలి, ఏ హోటలు ఎప్పటిది, దాని కథేమిటి, ఇదంతా హిందీలో రాసి, ఫోటోలు తీసి, ఫోన్లో ఊరందరూ చూసేలా పెడుతుందట. ఆ పిల్ల తిరగని వీధి లేదు. పవర్‌హౌస్ దగ్గర పొద్దున్నే పోహా, జిలేబీ పెట్టే కొట్టు, జి.ఇ. రోడ్డు మీద సర్దార్జీ ఢాబా, హథ్‌ఖోజ్‌లో లేత్ మిషన్ల షెడ్ల మధ్య ఒక ఛత్తీస్‌గఢీ ఆవిడ పెనం మీద పోసిచ్చే బియ్యప్పిండి చీలా, అన్నీ ఎక్కించుకుంది. ఇంట్లో అన్నం ఉండగా బయట తినడం నాకు గిట్టదని దానికి తెలుసు. అయినా తిరుగుతున్నంతసేపూ నేనేమీ అనలేదు. మొన్న ఆదివారం నేను చింతపండులో గింజలు తీస్తూ కూర్చుంటే పక్కన చేరి, "మామ్మా, నెంబర్ వన్‌లో ఎవరిని పెట్టానో చెప్పనా? మనవాళ్ళనే!" అంది. హిందీలో చదివి, నాకోసం ముక్కముక్కా తెలుగులో చెప్పింది. సూరిబాబు ఆంధ్రా భోజనశాల, భిలాయిలో అతి పాత తెలుగు మెస్సుల్లో ఒకటి. కోక్ ఓవెన్‌లో డ్యూటీ చేసి వచ్చి, ఒంటి అలసట పక్కన పెట్టి, తన చేతులతో వండి, ఇల్లు వదిలి వచ్చిన కుర్రాళ్ళ కడుపు నింపిన మహానుభావుడు సూరిబాబుగారు. ఆయన చేతి రుచిని మనవడు రమేష్ ఈనాటికీ కాపాడుతున్నాడు.

సూరిబాబు మా నాన్న. రమేషు మా తమ్ముడి కొడుకు. చింతపండు చేతిలో అలాగే ఉండిపోయింది. "ఎవడు చెప్పాడే నీకిది?" అన్నాను. "రమేష్ చాచా చెప్పారు మామ్మా. హోటల్లో గోడమీద కూడా రాసుంది కదా, పెద్ద ఫోటో కింద." మీ నాన్నకి మేనమామ కొడుకు, నీకు మావయ్య అవుతాడు, చాచా ఏమిటని ఎన్నిసార్లు చెప్పినా దానికి ఎక్కదు. ఆ పూట అదీ చెప్పలేదు. నా ఒళ్ళు మండిపోతోంది. మా నాన్న తన జన్మలో పొయ్యి ముట్టించి ఎరగడు. నీళ్ళు కాచుకోవడం కూడా రాదు. ఆయన చేతి రుచి అంటే ఏమిటో ఆయనకే తెలియదు.

నా చదువు ఐదో తరగతితో సరి. అదీ పరీక్షలు రాయకుండానే. ఈ కాగితాల్లో తప్పులు మా అబ్బాయి దిద్దుతానన్నాడు. అక్షరాలు దిద్దుకో నాయనా, కోపం మాత్రం దిద్దకు అని ముందే చెప్పాను. నా చదువు ఎందుకు ఆగిందో, ఆ మెస్సు ఎవరిదో, రెండూ ఒకటే కథ.

మాది విజయనగరం పక్క పల్లె. నాన్నకి ఇక్కడి ఉక్కు ప్లాంటులో పని దొరికాక సెక్టర్ 4లో క్వార్టరిచ్చారు. రెండు గదులు, ముందు వరండా, వెనక పెరడు, పెరటి చుట్టూ నడుమెత్తు గోడ. ఆ రోజుల్లో మన వైపు కుర్రాళ్ళు రైలు దిగీ దిగగానే ఉద్యోగాల్లో చేరేవారు. పెళ్ళాలు లేరు, పెళ్ళాలున్నా ఇళ్ళు లేవు. క్యాంటీను రొట్టెలు అరక్క కడుపులు పట్టుకుని తిరిగేవారు. మా ఊరబ్బాయి ఒకడు మమ్మల్ని చూడ్డానికని వచ్చి, అమ్మ పెట్టిన ఉల్లిపాయ పులుసు అన్నం తిని, మర్నాడు ఇద్దర్ని వెంటబెట్టుకొచ్చాడు. ఆ ఇద్దరూ ఇంకొందర్ని తెచ్చారు. మెస్సు పెడదామని ఎవరూ అనుకోలేదు. ఒక నెల తిరిగేసరికి వరండా నిండా ఆకులు వేస్తున్నాం, అంతే.

ప్లాంటుకి మూడు షిఫ్టులు, అందుకని అమ్మకీ మూడు షిఫ్టులే. కాకపోతే ప్లాంటులో మనుషులు మారతారు, మా ఇంట్లో మారరు. తెల్లవారక ముందే పెరట్లో బొగ్గుల పొయ్యి రాజేసేది. ఆ పొగ వాసన, రాత్రి పోసిన పులిసిన పిండి వాసన, నాన్న విప్పి పడేసిన డ్యూటీ బట్టల తారు వాసన, ఇప్పటికీ మూడూ కలిసే గుర్తొస్తాయి నాకు. ఆరేసిన బట్టల మీదా, బోర్లించిన గిన్నెల మీదా నల్లటి నుసి రాలేది. అమ్మ ప్రతి గిన్నె మీదా తడిబట్ట కప్పి ఉంచేది. మినప్పప్పు రుబ్బడానికి ఇంకో జత చేతులు కావాల్సొచ్చాయి. తమ్ముడివి మగపిల్లాడి చేతులు, వాటికి పలక పట్టుకోవడం ఉంది. నావి రోటి దగ్గరికి వచ్చాయి. పొత్రం తిప్పీ తిప్పీ కుడి భుజం ఎడమ భుజం కంటే లావైపోయింది, పెళ్ళినాటికి జాకెట్టు కొలతలు రెండు చేతులకీ వేరువేరుగా తీసుకున్నాడు దర్జీ. ఇది ఏ గోడమీదా రాసి లేదు.

అమ్మ పారేసిన వస్తువంటూ నేను చూడలేదు. గంజి వార్చి, అన్నం పులియబెట్టే తరవాణి కుండలో పోసేది. పుచ్చకాయ తిన్నాక తొక్క లోపలి తెల్లటిది పప్పులోకి వచ్చేది. తెలగపిండి కూరంటే మన కుర్రాళ్ళు ప్రాణం పెడతారని దుర్గ్‌లో నూనె మిల్లుకి వెళ్ళేది, నన్ను వెంటబెట్టుకుని. నువ్వులు ఆడగా మిగిలిన పిండి అక్కడ పశువులకి పెడతారు గానీ మనుషులు తింటారని వాళ్ళకి తెలియదు. మిల్లాయన జోకుతూ, "కిత్నీ భైంస్ హై, బాయీ?" అని అడిగాడు, గేదెలెన్ని ఉన్నాయని. అమ్మకి వచ్చిన హిందీ అంతా కూడదీసుకుని, "బహుత్ హై. సబ్ ప్లాంట్ మే కామ్ కర్తా" అంది, చాలా ఉన్నాయి, అన్నీ ప్లాంటులో పనిచేస్తాయని. ఆయన ఎటూ తేల్చుకోలేక పిండి కట్టిచ్చాడు. ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే, అప్పట్నించీ వరండాలో కూర్చునే ముందు ఒకడు "అక్కా, గేదెలొచ్చినాయి, దాణా ఎయ్యి" అని అరిచేవాడు. తక్కినవాళ్ళు అంబా అనేవారు.

మంగల్ అని ఒక ఛత్తీస్‌గఢీ మనిషి కూడా మా ఇంట్లోనే తినేవాడు. నాన్న గ్యాంగులో పనిచేసేవాడు. ఒక ఎండ మధ్యాహ్నం అమ్మ తరవాణి అన్నంలో పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ వేసి పెడితే, వాడు ఆకు వైపు చూసి, అమ్మ వైపు చూసి, "దీదీ, యే తో బాసీ ఆయ్!" అన్నాడు. వాళ్ళ ఊళ్ళో అమ్మా అదే చేస్తుందట, పేరే వేరు. ఆ రోజు నుంచి వాడు రొట్టె ముట్టలేదు.

నాన్న సంగతీ చెప్పాలి, లేకపోతే అన్యాయం. బొగ్గు కాల్చి కోక్ చేసే ఆ ఓవెన్ల వేడి సామాన్యమైంది కాదు. ముఖం కమిలిపోయి వచ్చేవాడు. స్నానం చేసి ముందు గదిలో మంచం మీద కూర్చుని, "పులుసయిందేటే?" అని కేకేసేవాడు. వచ్చిన ప్రతివాడినీ ఏ ఊరు, ఎవరి తాలూకు అని ఆరా తీసి, నవ్వించి, కబుర్లు చెప్పేవాడు. మాటకారి. అందుకే కుర్రాళ్ళు "సూరిబాబు గారింటికెళ్దాం" అనేవారు. ఆయన కష్టం ఆయనది, దాన్ని నేను కాదనను. ప్లాంటు కష్టం ప్లాంటులో రాసుకోండి. వంటింట్లో రాయకండి.

ఇక అసలు రోజు. క్వార్టరు ప్లాంటుది. అందులో వ్యాపారం చెయ్యకూడదని రూలు. అందుకే మాకు బోర్డు లేదు, పేరు లేదు. అడిగినవాళ్ళకి చుట్టాలని చెప్పేవాళ్ళం. ఎవరు చెప్పారో తెలియదు గానీ, ఒక మధ్యాహ్నం రెండో షిఫ్టు వాళ్ళు తింటుండగా క్వార్టర్ల ఆఫీసు నుంచి ఒక ఆఫీసరూ వెంట ఒక గుమాస్తా వచ్చి వరండా మెట్ల మీద నిలబడ్డారు. నేను చారు గిన్నెతో గుమ్మంలో ఉన్నాను.

"యే సబ్ కౌన్ హై?" అన్నాడు ఆఫీసరు.

అమ్మ గరిటె కింద పెట్టలేదు. "భాయీ" అంది.

"సబ్ భాయీ?"

"సబ్ భాయీ."

ఆయన ఆకుల వరస ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. మంగల్ దగ్గర ఆగాడు. ముఖం చూస్తేనే తెలుస్తోంది వాడు తెలుగువాడు కాదని. "ఏయ్, నువ్వూనా?" అన్నట్టు వేలు చూపించాడు. మంగల్ నోటినిండా అన్నంతో, "హవ్ సాహెబ్, మోర్ దీదీ ఆయ్" అన్నాడు, అవును, మా అక్కేనని. అమ్మ వెంటనే, "రాఖీ బాంధా" అంది. మన వైపు రాఖీ ఎక్కడిది? పక్క క్వార్టరు బీహారీ ఆవిడ కడుతుంటే గోడమీంచి చూసిందే తప్ప అమ్మ ఎవరికీ కట్టింది లేదు. ఆఫీసరుకి నవ్వొచ్చింది. నవ్వుతూనే వెళ్ళిపోతాడేమో అనుకున్నాను.

కానీ గుమాస్తా ఊరుకోలేదు. "క్వార్టర్ కిస్‌కే నామ్ పే హై?" అని అడిగాడు, ఎవరి పేరు మీద ఉందని. మా నాన్న మంచం దిగి వచ్చాడు. క్వార్టరు పోతుంది, ఉద్యోగానికీ మచ్చ పడుతుందని గుమాస్తా చెబుతుంటే నాన్న రెండు చేతులూ జోడించాడు. తరవాత ఒక చెయ్యి విడదీసి అమ్మ వైపు చూపించాడు. "సాబ్, హమ్ డ్యూటీ జాతా. హమ్‌కో కుఛ్ మాలూమ్ నహీ. యే సబ్ ఇస్‌కా కామ్ హై." నాకేమీ తెలియదు, ఇదంతా దీని పనే అని.

తింటున్నవాళ్ళ చేతులు ఆగిపోయాయి. రోజూ అంబా అనే మనుషుల్లో ఒక్కడూ తలెత్తలేదు. ఆఫీసరు అమ్మ వైపు తిరిగి, "నామ్?" అన్నాడు. ఈ ఊరు వచ్చాక ఆవిడ పేరు అడిగిన మొదటి మనిషి ఆయనే. నాన్న ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు, "ఒసే" అనేవాడు. తక్కిన అందరికీ అక్క. అమ్మ కొంగు భుజం చుట్టూ లాక్కుని, "పైడితల్లి" అంది. మెల్లగా అనలేదు. ఆయనకి నోరు తిరక్క మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పింది, రాసుకున్నాడు.

వాళ్ళు హెచ్చరించి వెళ్ళాక నాన్న, "నానేటి సేస్తాను మరి? ఉజ్జోగం పోతే అందరం ఏటి తింటాం?" అన్నాడు. అమ్మ ఆగిపోయిన ఆకుల దగ్గరికెళ్ళి, "చల్లారిపోతన్నాది, తినండ్రా" అంది. ఆ రోజు నుంచి ఎవరూ వరండాలో కూర్చోలేదు. పెరటి గోడ మీంచి క్యారేజీలు అందించడం మొదలుపెట్టాం. రాఖీ పండగ వచ్చినప్పుడు అమ్మ బజారు నుంచి దారాలు తెప్పించి, అందరినీ పెరటి గోడ దగ్గరికి రమ్మంది. "ఆఫీసరుతో కట్టానని సెప్పీనాను కదా. అబద్దం ఎందుకు?" అని ఒక్కొక్కడి చేతికీ కట్టింది. మంగల్ బొట్టు కూడా పెట్టించుకున్నాడు. ప్రతి ఏడూ కట్టింది. దాంతో అక్క అన్న పిలుపు గట్టిపడిపోయి, ఉన్న పేరు పూర్తిగా మరుగున పడింది.

తమ్ముడు పెద్దవాడై మార్కెట్లో దుకాణం సంపాదించి, దర్జాగా హోటలు పెట్టాడు. అక్కడా వంట అమ్మదే, మోకాళ్ళు పనికిరాకుండా పోయేదాకా. బోర్డు రాసే పెయింటరు వచ్చి పేరేం రాయమంటారని అడిగినప్పుడు నేను చంటిబిడ్డని ఎత్తుకుని పుట్టింట్లోనే ఉన్నాను. తమ్ముడు, "నాన్న పేరు రాయి" అన్నాడు. "అమ్మ పేరు పెట్టరేం?" అన్నాను. నాన్న నవ్వాడు. "ఆడమనిషి పేరు హోటలు మీదేటే? నలుగురూ ఏటనుకుంటారు?" అన్నాడు. అమ్మ బెండకాయలు తరుగుతోంది. తలెత్తకుండా, "పోనీలేవే. ఎవరి పేరైతేటి? తిన్నోళ్ళకి తెలీదేటి?" అంది. నాన్న మీద కంటే ఆ మాట మీద నాకు ఎక్కువ కోపం. అప్పుడూ వచ్చింది, ఇప్పుడూ ఉంది. తిన్నవాళ్ళు రిటైరై ఎవరి ఊళ్ళకి వాళ్ళు పోయారు. సగం మంది కాలం చేశారు. మంగల్ పోయి చాలా ఏళ్ళయింది. తెలిసినవాళ్ళు పోయారు, గోడమీది రాత మిగిలింది. తప్పు రాసుకునే రోజున ఆ మెస్సు అమ్మది. ఫోటో తగిలించుకునే రోజున నాన్నది. ఇది ఎక్కడి న్యాయమో నాకు చెప్పండి.

మర్నాడే శ్వేతని వెంటబెట్టుకుని రమేషు హోటలుకి వెళ్ళాను. చలిమిషను వేసుకుని, తలుపులన్నీ మూసుకుని, లోపల దీపాలు. పక్క బల్ల మీద ఒకమ్మాయి మట్టి మూకుడులో తరవాణి అన్నానికి ఫోటోలు తీస్తోంది. దానికి బాసీ బౌల్ అని పేరట, పైన కొత్తిమీర రెబ్బ. సగం తిని వదిలేసి లేచిపోయింది. మా అమ్మ గనక ఉంటే ఆ పిల్లని మళ్ళీ కూర్చోబెట్టి తినిపించేది. రమేషు ఎదురొచ్చాడు. "రా అత్తా రా! ఏటి తింటావు? పెసరట్టు ఎయ్యమంటావా?"

"తినడానికి రాలేదు. ఆ గోడమీద రాసిందేమిట్రా?"

వాడు ఫోటో వైపు చూసి నవ్వాడు. "తాత గురించి కదా అత్తా. బాగా రాయించినాను, లేదేటి?"

"మీ తాత వండాడా?"

"అది కాదత్తా. వచ్చినోళ్ళు స్టోరీ అడుగుతారు. తాత కోక్ ఓవెన్‌లో డ్యూటీ చేసొచ్చి వండేవాడంటే అదొక స్టోరీ. నాన్నమ్మ వండిందంటే అందులో ఏటుంది? అందరి నాన్నమ్మలూ వండుతారు."

శ్వేత నా చెయ్యి పట్టుకుంది. కొడతాననుకుందో ఏమో. వాడు తప్పుగా మాట్లాడానని కూడా అనుకోవడం లేదు, మేనత్తతో కబుర్లు చెబుతున్నాడు, అంతే. అదే నన్ను ఇంకా మండించింది. "అందరి నాన్నమ్మల్నీ ఆఫీసరు పేరడిగి రాసుకున్నాడేట్రా?" అని, ఆనాటి సంగతి మొత్తం చెప్పాను. హాల్లో తింటున్నవాళ్ళు ఇటే చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను. రమేషు మొహం మాడిపోయింది. "మెల్లగా అత్తా, కస్టమర్లున్నారు" అని నన్ను కౌంటరు పక్కకి లాక్కెళ్ళాడు. "ఇప్పుడు మారిస్తే బ్రాండ్ ఏటవుద్ది? పోనీ, కింద చిన్నగా 'నాన్నమ్మ ఆశీస్సులతో' అని రాయిస్తాను. సరేనా?"

"ఆవిడ ఆశీస్సులిచ్చుకుంటూ కూర్చోలేదురా. పొయ్యి దగ్గర నిలబడింది."

వాడు నన్ను వదిలేశాడు. శ్వేతతో హిందీలో చెప్పాడు. గైడులో ఆ మాటలు మార్చావంటే మన రెండిళ్ళ మధ్య బాగుండదు, ఆలోచించుకో అని. పుట్టింటి వైపు నుంచి నాకు మిగిలినవాడు వాడొక్కడే. తమ్ముడు పోయాక శ్రావణమాసంలో చీర పెట్టేదీ, ఒంట్లో బాగోలేకపోతే ఆస్పత్రికి కారు పంపేదీ వాడే. వాడు చెడ్డవాడు కాదు. అందుకే మెట్లు దిగుతూ ఒకసారి వెనక్కి తిరిగి చూశాను.

ఇంటికి పోకుండా సెక్టర్ 4 వైపు నడిచాం. మేమున్న క్వార్టర్లో ఇప్పుడెవరో ఉన్నారు. వరండాకి ఇనప జాలీ వేశారు, లోపల స్కూటీ ఉంది. పెరటి గోడ మాత్రం అలాగే ఉంది. శ్వేత ఆ గోడ పక్కన ఆగి, "మామ్మా, మరి నేనేం రాయను?" అంది.

"మొదట ఈ ఇల్లు రాయి. ఇక్కడ పైడితల్లి అనే ఆవిడ మెస్సు నడిపింది. బోర్డు లేదు. ఆవిడా, ఆవిడ కూతురూ వండారు. ఇవే మాటలు రాయి. మహానుభావురాలూ గీనుభావురాలూ అక్కర్లేదు."

"లేకిన్ మామ్మా, గైడ్ అంటే జనం వెళ్ళి తినడానికి కదా. బంద్ అయిపోయినదాన్ని పెడితే ఎవరెళ్తారు?"

"వెళ్ళక్కర్లేదు. చదవమను."

"మరి చాచా హోటల్?"

"అదీ రాయి. రమేషు హోటలు అని రాయి. వాడు కష్టపడుతున్నాడు, పెసరట్టు బాగా వేస్తాడు, వాడి పేరే పెట్టు. మా నాన్న పేరు రాయాలంటే కోక్ ఓవెన్ దగ్గర రాయమను, అక్కడాయన నిజంగా చెమటోడ్చాడు."

శ్వేత అక్కడే గోడమీద కూర్చుని ఫోన్లో కొట్టింది. కొట్టిన ప్రతి మాటా నాకు చదివి వినిపించింది. పైడితల్లి అన్న పేరు హిందీ అక్షరాల్లో సరిగ్గా వచ్చిందో లేదో అని రెండుసార్లు పలికించాను. ఆ పెరటి గోడనే ఫోటో తీసి పెట్టింది. అమ్మ ఫోటో ఒక్కటీ లేదు మరి, ఎవరూ తియ్యలేదు.

అది బయటికి వచ్చిన రోజు రమేషు ఫోన్ చేశాడు. "ఊళ్ళో నా పరువు తీసినావత్తా" అన్నాడు. "నీ హోటలు నీ పేరు మీద రాయించాన్రా, పరువెక్కడ పోయింది?" అన్నాను. పెట్టేశాడు. శ్రావణమాసం వచ్చింది, వెళ్ళింది. చీర రాలేదు. ఉన్న చీరలే కట్టుకుంటున్నాను. నాకు బాధ లేదని చెప్పను. కానీ మాట మార్చమని శ్వేతని అడగనూ లేదు.

ఇప్పుడు జనం దానికి కబుర్లు పంపుతున్నారట. ఆ పైడితల్లి మెస్సు సరిగ్గా ఎక్కడ, ఎన్ని గంటలకి తెరుస్తారు, పార్శిలు ఇస్తారా అని. సగం మంది చదవకుండానే అడుగుతారు. నిన్న శ్వేత ఫోను పట్టుకుని వచ్చి, "ఏం జవాబివ్వను మామ్మా?" అంది. నేను కందిపప్పు చెరుగుతున్నాను. చేట ఆపలేదు.

"ఆలస్యంగా వచ్చారు, వంట అయిపోయింది అని రాయి."